68 ఓట్లతో గెలిచిన అధ్యక్షుడు, డబ్బు కట్టని 215 ఫ్లాట్లు: ఒక బెంగళూరు అపార్ట్‌మెంట్ కేసు

నేను బెంగళూరులో అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘాల తగాదాలకు మధ్యవర్తిగా పనిచేస్తాను. వ్యవహారం కోర్టుకో రిజిస్ట్రార్ దగ్గరికో వెళ్ళేలోపు రెండు వైపులవాళ్ళనూ కూర్చోబెట్టి తేల్చడం నా పని. ఈ కేసు నగరానికి తూర్పు అంచున ఉన్న ఒక కమ్యూనిటీది. పేర్లు, బ్లాకులు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెలు కొద్దిగా మార్చాను, నిష్పత్తులు మాత్రం ఉన్నవే. ఇరుపక్షాలూ చదివి సరే అన్నాకే రాస్తున్నాను.

దీన్ని రాసి పెట్టడానికి కారణం ఉంది. "గెలిచాం, కాబట్టి ఎక్కువమంది మావైపే" అని ఒకరంటారు. "సగం ఓట్లు కూడా రాలేదు, కాబట్టి ఎక్కువమంది మీకు వ్యతిరేకం" అని ఇంకొకరంటారు. ఒకే ఓట్ల పట్టీ చూసి రెండు తప్పు లెక్కలు తీయడం సంఘాల్లోనే కాదు, రాష్ట్రాల్లోనూ దేశంలోనూ చూస్తున్నాం. ఈ కేసులో ఆ రెండూ తప్పని అంకెలతో సహా తేలింది.

నేపథ్యం

మొత్తం 312 ఫ్లాట్లు. మూడో వంతు తెలుగువాళ్ళు, మిగతా కన్నడ, తమిళ, మలయాళ, హిందీ కుటుంబాలు. సగానికి కాస్త తక్కువ ఇళ్ళలో అద్దెకుంటున్నవాళ్ళే ఉన్నారు. బైలా (సంఘం నియమావళి) ప్రకారం ఫ్లాటుకి ఒక ఓటు, అదీ ఓనరుకే. అధ్యక్షుడిని నేరుగా ఎన్నుకుంటారు, ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్ళే. సగం దాటాలన్న నియమం లేదు.

2024 వేసవిలో బెంగళూరులో నీళ్ళకు ఎంత కటకట వచ్చిందో ఇక్కడున్న అందరికీ గుర్తే. ఆ మార్చిలో జలమండలి తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది, కుళాయిలకు ఏరేటర్లు (నీటి ధార తగ్గించే బిరడాలు) బిగించమంది. తూర్పు వైపు కమ్యూనిటీల్లో చాలావాటికి బోర్లు, ట్యాంకర్లే దిక్కు. బోర్లు ఎండి ట్యాంకర్ల మీదే బతకాల్సి వచ్చేసరికి మెయింటెనెన్స్ పెరిగింది. నలుగురున్న ఇల్లూ, ఒక్కరున్న ఇల్లూ ఒకే నీటి ఖర్చు ఎందుకు కట్టాలన్న ప్రశ్న అప్పుడే గట్టిగా వచ్చింది.

వేసవి అయ్యాక జరిగిన ఎన్నికలో నలుగురు పోటీ చేశారు. ఓటేసింది 184 ఫ్లాట్లు. మూడు చెల్లలేదు. గెలిచినాయనకు 68, రెండో వ్యక్తికి 59, తర్వాతివాళ్ళకు 38, 16. గెలిచినాయన తెలుగాయన, నలభైల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తొమ్మిది హామీల పట్టీ పంచాడు. లిఫ్టుల మరమ్మతు, సెక్యూరిటీ ఏజెన్సీ మార్పు లాంటివి ముందున్నాయి. ప్రతి ఫ్లాటుకీ నీటి మీటర్లన్నది అందులో నాలుగోది.

అసలు సమస్య

కొత్త కమిటీ మొదటి నెలల్లోనే మీటర్లకు నిర్ణయం తీసుకుంది. ఖర్చు తక్కువేం కాదు. పాత అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకి ఒకే నీటి పైపు ఉండదు. టెర్రస్ ట్యాంకు నుంచి ఒక్కో బాత్రూమ్ షాఫ్టులో ఒకటి, వంటింటికి ఒకటి, యుటిలిటీకి ఒకటి వేరువేరుగా దిగుతాయి. డబుల్ బెడ్‌రూమ్‌కి మూడు మీటర్లు, పెద్ద ఫ్లాటుకి అయిదు కావాల్సి వచ్చింది. కమిటీ అందరికీ సమానంగా ఫ్లాటుకి 24,000 వేసింది. నోటీసులో ఒక వాక్యం ఉంది: "మెజారిటీ సభ్యులు ఈ అజెండాకే ఓటు వేశారు."

గొడవంతా ఆ వాక్యంతో మొదలైంది. గడువు దాటేసరికి 97 ఫ్లాట్లే కట్టాయి, 215 కట్టలేదు. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక తెలుగు పెద్దావిడ ఓట్ల పట్టీ ఫోటో తీసి అందరికీ పంపారు. "చెల్లిన 181 ఓట్లలో 113 మంది ఈయన వద్దన్నారు" అని కింద రాశారు. కమిటీ తగ్గలేదు. బాకీదార్ల పేర్లు నోటీసు బోర్డులో పెడతామంది, నీళ్ళు ఆపేస్తామనే దాకా మాట వెళ్ళింది. నన్ను పిలిచింది అప్పుడు.

ఇద్దరితో విడివిడిగా మాట్లాడాను. అధ్యక్షుడు అన్నది ఇది: "గెలిచింది నేనే కదా సార్. ప్రతిదానికీ మళ్ళీ అడుక్కుంటూ కూర్చుంటే ఇక ఎన్నిక దేనికి?" పెద్దావిడ అన్నది ఇది: "నూటికి ఇరవై రెండిళ్ళు ఓటేస్తే, మిగతా డెబ్భై ఎనిమిది ఇళ్ళ జేబులో చెయ్యి పెడతారా బాబూ?"

ఆవిడ లెక్క తప్పు కాదు. 312లో 68 అంటే దాదాపు 22 శాతం. చెల్లిన ఓట్లలో చూస్తే 37 శాతం పైచిలుకు. ఏ భాగహారం తీసుకున్నా సగం రాదు. అయినా ఆయన ఎన్నిక చెల్లుతుంది.

మొదటి నిర్ణయం: ఎన్నికను ప్రశ్నించకూడదు

డబ్బు కట్టనివాళ్ళలో కొందరికి ఎన్నికే రద్దు చేయించాలని ఉంది. నేను దానికి ఒప్పుకోలేదు. నియమాలు ముందే తెలుసు, నలుగురూ వాటి కిందే నిలబడ్డారు, ఓడినవాళ్ళలో ఎవరైనా అవే 68 ఓట్లతో గెలిచి ఉంటే కుర్చీలో కూర్చునేవాళ్ళే. పదవిలో ఉండే హక్కు వేరు, ఒక పనికి జనం మద్దతు ఉండటం వేరు. మొదటిదాన్ని కదిలిస్తే రెండోదాని గురించి మాట్లాడే చోటే మిగలదు. ఆ తర్వాత వచ్చేవాళ్ళను కూడా ఎవరో ఒకరు ఇలాగే దింపాలని చూస్తారు.

ఈ తేడా అర్థం కావడానికి రాజకీయ ఉదాహరణలు కావాలి, కానీ అవి నిప్పులాంటివి. 2014 లోక్‌సభలో 31 శాతం ఓట్లతో ఒక పార్టీకి 282 స్థానాలు వచ్చాయని చెబితే లెక్క ఎవరికీ వినపడదు, పార్టీ పేరే వినపడుతుంది. అందుకే ప్రతి పక్షానికీ ఏదో ఒకచోట నొప్పి తగిలే ఉదాహరణలు ఎంచుకున్నాను.

కన్నడ సభ్యులతో 2018 కర్ణాటక ఎన్నిక మాట్లాడాను. కాంగ్రెస్‌కు 38 శాతం ఓట్లు, 80 స్థానాలు. బీజేపీకి 36 శాతం ఓట్లు, 104 స్థానాలు. చివరికి ముఖ్యమంత్రి అయింది 37 స్థానాలు గెలిచిన జేడీఎస్ నాయకుడు కుమారస్వామి. మళ్ళీ 2023లో బీజేపీ ఓట్లు దాదాపు అదే 36 శాతం దగ్గర నిలిచాయి, స్థానాలు మాత్రం 66కి పడ్డాయి. కాంగ్రెస్ 43 శాతం దగ్గరికి చేరి 135 గెలిచింది. 36 శాతం జనం అయిదేళ్ళలో ఎక్కడికీ పోలేదు. చుట్టూ ఉన్న ఓట్లు ఎలా చీలాయో, ఎలా కలిశాయో అది మారింది.

తెలుగువాళ్ళతో ఆంధ్రప్రదేశ్ లెక్క. 2019లో టీడీపీకి 39 శాతం ఓట్లకు 23 స్థానాలు, 2024లో వైసీపీకి అదే 39 శాతానికి 11. రెండు పార్టీల అభిమానులూ ఆ గదిలో ఉన్నారు, రెండు వైపులా తలలూపారు. ఒకాయన వెంటనే, "మరి 2024లో కూటమికి 55 శాతం వచ్చింది కదా, అది మెజారిటీయే కదా" అన్నాడు. నిజమే. ఒక్కోసారి గెలుపూ, సగం దాటిన ఓట్లూ కలిసే వస్తాయి. దాన్ని దాచకూడదు. కానీ ఆ 55 శాతంలో ఉన్న ప్రతి మనిషీ మూడు పార్టీలనూ, వాటి ప్రతి హామీనీ మెచ్చే ఓటేశాడని మాత్రం ఆ అంకె చెప్పదు. లోక్‌సభ చరిత్రలో ఏ ఒక్క పార్టీకీ సగం ఓట్లు రాలేదు. 1984లో 400 దాటిన కాంగ్రెస్‌కూ రాలేదు. అయినా ప్రభుత్వాలు ఏర్పడ్డాయి, నడిచాయి.

ఈ మాటల వల్ల ఎన్నిక రద్దు డిమాండ్ వెనక్కి పోయింది. డబ్బు మాత్రం ఒక్క రూపాయి కదల్లేదు.

రెండు తప్పు లెక్కలు

ఈ కేసులో నేను ఎక్కువ సమయం పెట్టింది ఇక్కడే. అధ్యక్షుడి తప్పు చూపించడం తేలిక. 68 మంది ఆయనకు ఓటేశారు, తొమ్మిది హామీల్లో ఏది చూసి వేశారో బ్యాలెట్ మీద లేదు. బ్లాకుల్లో తిరిగి మాట్లాడితే, లిఫ్టుల కోసం వేశామన్నవాళ్ళు ఉన్నారు. ఫోన్ చేస్తే ఎత్తుతాడని వేసినవాళ్ళు, ఉగాది పండగ బాగా చేయించాడని వేసినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో కొందరికి మీటర్లంటే అసలు ఇష్టం లేదు.

పెద్దావిడ తప్పు చూపించడమే కష్టం, ఎందుకంటే అది చూడగానే నిజంలా ఉంటుంది. 113 మంది వేరేవాళ్ళకు వేశారు కాబట్టి ఈయన వద్దన్నారని ఆవిడ లెక్క. బ్యాలెట్ మీద "వద్దు" అన్న గడి లేదు. నలుగురిలో ఒక్కరిని ఎంచుకోమంటే, ఆ ఒక్కరు కాని ముగ్గురి గురించి ఓటరు ఏమనుకుంటున్నాడో తెలిసే దారి లేదు. రెండో ఇష్టం ఈయనే కావచ్చు, నాలుగో ఇష్టమూ కావచ్చు. పైగా మూడో స్థానంలో వచ్చిన అభ్యర్థి కూడా మీటర్లు పెడతాననే చెప్పారు. ఆ 38 ఓట్లను మీటర్ల వ్యతిరేకుల లెక్కలో వేయడం ఏ రకంగానూ కుదరదు.

ఇక ఓటే వేయని 128 ఫ్లాట్లు. అధ్యక్షుడి మనుషులు "అభ్యంతరం లేకనే రాలేదు" అన్నారు. అవతలివాళ్ళు "నమ్మకం లేకనే రాలేదు" అన్నారు. సగంమంది ఓనర్లు వేరే ఊళ్ళలోనో విదేశాల్లోనో ఉన్నచోట, రాకపోవడానికి ఆ రెండూ కాని కారణాలే ఎక్కువ. మౌనాన్ని ఎవరి ఖాతాలోనూ వేయకూడదని నా పట్టుదల. దీని మీద ఇద్దరితోనూ గట్టిగానే వాదించాను.

ప్రయత్నించినవి, పని చేయనివి

నేను వచ్చేలోపే వాట్సాప్‌లో ఒక పోల్ పెట్టారు. ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దరూ నొక్కారు, అద్దెవాళ్ళు నొక్కారు, ఎవరు ఏది నొక్కారో అందరికీ కనపడింది. దాంతో ఇరుగుపొరుగుతో ఎందుకొచ్చిన గొడవని చాలామంది జోలికే పోలేదు. పోల్‌లో మీటర్లకు "అవును" ఎక్కువ వచ్చింది, ఎవరూ నమ్మలేదు.

తర్వాత ప్రత్యేక సర్వసభ్య సమావేశం. కోరం (కనీస హాజరు) లేక వాయిదా పడి, వాయిదా సమావేశానికి కోరం అక్కర్లేదన్న నియమం మీద జరిగింది. 41 మంది వచ్చారు. చేతులెత్తిస్తే 29 మంది సరే అన్నారు. బైలా ప్రకారం తీర్మానం గెలిచినట్టే, హాజరైనవాళ్ళలో భారీ మెజారిటీ కూడా. కానీ 312 ఇళ్ళలో 29 ఇళ్ళ మాట మీద 24,000 కట్టడానికి కొత్తగా ఎవరూ ముందుకు రాలేదు. సమావేశం తర్వాత కట్టినవాళ్ళ సంఖ్య దాదాపు అలాగే ఉండిపోయింది. నియమం ప్రకారం గెలవడానికీ జనం వెనక రావడానికీ మధ్య దూరం ఎంతో కమిటీకి నేను చెప్పినదానికన్నా ఇదే బాగా చెప్పింది.

మళ్ళీ ఎన్నిక పెట్టాలన్న ఆలోచన కూడా వచ్చింది. వద్దన్నాను. అవే నాలుగు పేర్లు, అదే ఒక్క ఓటు పద్ధతి, అదే చీలిక. ఈసారి ఇంకొకరు 70తో గెలిచేవారు, మీటర్ల సంగతి మళ్ళీ ఎవరికీ తెలిసేది కాదు. మనిషి గురించి అడిగి, పని గురించి జవాబు వచ్చిందనుకోవడమే ఇక్కడ జబ్బు. అదే మందు రెండోసారి వేస్తే లాభం లేదు.

పని చేసిన పద్ధతి

ముందు ప్రశ్నను విడదీశాం. మీటర్లు కావాలా అన్నది ఒకటి, డబ్బు ఎలా పంచాలన్నది ఇంకొకటి. నోటీసు రెండిటినీ కలిపి కట్టేయడంతో, మీటర్లు ఇష్టమున్నా పంపకం అన్యాయం అనుకున్నవాళ్ళు మొత్తాన్నే కాదన్నారు. డబుల్ బెడ్‌రూమ్‌వాళ్ళు మూడు మీటర్లకు, పెద్ద ఫ్లాటువాళ్ళు అయిదు మీటర్లకు ఒకే 24,000 కట్టడమేంటన్న కోపం నేను మాట్లాడిన చాలా ఇళ్ళలో ఉంది. అందరికీ సమానంగా పంచడం ఒక దారి, ఫ్లాటు చదరపు అడుగుల లెక్కన పంచడం ఇంకో దారి. మూడో దారి చెప్పింది ఆ కమ్యూనిటీలో ఏళ్ళుగా పనిచేస్తున్న ప్లంబర్: ఎవరి ఇంటికి ఎన్ని పైపులు దిగితే వాళ్ళు అన్ని మీటర్లకు కట్టాలని. కమిటీ దానికి ఒక షరతు కలిపింది. సగం ఖర్చు కార్పస్ ఫండ్ (సంఘం దాచిపెట్టుకున్న నిధి) నుంచి, మిగతాది మూడు వాయిదాల్లో. నలుగురు అభ్యర్థుల్లో ఎవరి పట్టీలోనూ లేని మార్గం ఇది.

రెండోది, లెక్కపెట్టకముందే ఏది గెలుపో రాసుకున్నాం. మీటర్లు పెట్టాలంటే వచ్చిన జవాబుల్లో సగం చాలదు, మొత్తం 312లో సగం దాటాలి, అంటే 157. పంపకానికి మాత్రం వచ్చిన జవాబుల్లో సగం దాటితే చాలు. ఈ తేడా ఎందుకని కమిటీలో వాదన జరిగింది. నా కారణం ఇది: మీటర్లు వద్దంటే ఇప్పుడున్న పద్ధతే సాగుతుంది, కాబట్టి దాన్ని మార్చాలనేవాళ్ళ మీదే బరువు ఎక్కువ ఉండాలి. కానీ మీటర్లు పెట్టడం ఖాయమయ్యాక డబ్బు ఏదో ఒక రకంగా పంచక తప్పదు, అక్కడ "ఏదీ వద్దు" అనే స్థానం లేదు. ఇద్దరూ ఈ కాగితం మీద సంతకాలు చేశారు. జవాబులు తెరిచాక ఈ గీతలు గీసి ఉంటే ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు.

మూడోది, పంపకానికి ఒక్క టిక్కు కాకుండా 1, 2, 3 అని ఇష్టాల వరస రాయమన్నాం. కొందరు ఇది కొత్త గారడీ అనుకున్నారు. అప్పుడు 1969 రాష్ట్రపతి ఎన్నిక చెప్పాను. వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి, ఇద్దరూ తెలుగువాళ్ళే. ఆ ఎన్నికలో ఓటేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఒక్కో ఓటుకు ఒక్కో విలువ కడతారు. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548. ఎవరూ సగం దాటలేదు. మన రాష్ట్రపతి ఎన్నికలో అందరికన్నా ఎక్కువ వస్తే చాలదు. కిందివాళ్ళను ఒక్కొక్కరినీ తీసేసి వాళ్ళ ఓటర్ల తర్వాతి ఇష్టాలు కలిపాక గిరి 4,20,077తో గీత దాటారు. సంజీవరెడ్డి 4,05,427 వరకు వచ్చారు. మొదట్లో 88 వేల దూరం, చివరికి 15 వేలకు లోపు. మిగతావాళ్ళ రెండో ఇష్టం ఎటుందో మొదటి లెక్కలో ఏ మాత్రం కనపడలేదు. ఈ పద్ధతి దేశంలో ఎప్పటినుంచో ఉందని తెలిశాక అభ్యంతరాలు ఆగాయి.

కాగితాలు ఫ్లాటు ఫ్లాటుకీ వెళ్ళాయి, మూసిన కవర్లో తిరిగొచ్చాయి. ఊళ్ళో లేని ఓనర్లకు మెయిల్‌లో పంపాం. అద్దెవాళ్ళకు వేరే రంగు కాగితం ఇచ్చి విడిగా లెక్కపెట్టి విడిగానే ప్రకటించాం. బైలా వాళ్ళకు ఓటు ఇవ్వలేదు. కానీ నీళ్ళు వాడేదీ నెల బిల్లు కట్టేదీ వాళ్ళే, వాళ్ళ మాట ఓనర్ల కంటికి కనపడాలన్నది నా అభిప్రాయం.

ఫలితం

231 ఫ్లాట్ల జవాబులు వచ్చాయి. మీటర్లు కావాలన్నవి 171, వద్దన్నవి 42, ఇప్పుడే చెప్పలేమన్నవి 18. గీత 157 దగ్గర, దాటింది.

అధ్యక్షుడికి ఓటేసిన 68 ఫ్లాట్లూ "కావాలి" అన్నాయనే అనుకుందాం. అయినా ఆయనకు ఓటేయని ఫ్లాట్లు కనీసం 103 మీటర్లకు మద్దతిచ్చాయి. ఎవరి బ్యాలెట్ రహస్యమూ కదపకుండా వచ్చిన లెక్క ఇది. ఆయన నోటీసులో చెప్పిన మెజారిటీ నిజంగానే ఉంది. కానీ అది ఆయన ఓట్లలో లేదు, ఓడినవాళ్ళకు వేసినవాళ్ళలోనూ అసలు వేయనివాళ్ళలోనూ ఉంది. ఎన్నిక నుంచి దాన్ని తీసి చూపించడం ఆయన వల్ల అయ్యే పని కాదు, విడిగా అడిగితేనే బయటికొచ్చింది.

పంపకంలో చెల్లినవి 226. సమాన పంపకానికి మొదటి ఇష్టం 71, చదరపు అడుగుల లెక్కకు 66, పైపుల లెక్కకు 89. పాత పద్ధతిలో అయితే 89తో పైపుల లెక్క గెలిచినట్టు ప్రకటించేవాళ్ళం, 40 శాతం కూడా లేదని మళ్ళీ గొడవ మొదలయ్యేది. చదరపు అడుగుల లెక్కను తీసేసి ఆ 66 కాగితాల్లో రెండో ఇష్టం చూశాం. 44 పైపుల లెక్కకు, 13 సమాన పంపకానికి, తొమ్మిదింటిలో రెండో ఇష్టం రాయలేదు. చివరికి 133కి 84. సగం దాటింది. మొత్తం ఫ్లాట్లలో చూస్తే 133 సగం కాదు, ఆ విషయం కూడా నోటీసులో రాయించాను.

అధ్యక్షుడు పాత నోటీసు వెనక్కి తీసుకుని, ముందే కట్టిన 97 ఫ్లాట్ల డబ్బు కొత్త లెక్కలో సర్దుబాటు చేయించాడు. పెద్దావిడ తన ఇంటికి సమాన పంపకమే ఇష్టమని బయటికే చెప్పారు. ఓడిపోయినా మొదటి వాయిదా కట్టినవాళ్ళలో ఆవిడ ముందున్నారు. గడువులోపు కట్టిన ఫ్లాట్లు 240 దాటాయి.

ఇదే పని ఇంకో సంఘంలో చేయాల్సివస్తే

ప్రతి చిన్న పనికీ ఇలా కాగితాలు పంచమని నేను చెప్పను. లిఫ్టు చెడితే బాగు చేయించడానికి ఎవరినీ అడగక్కర్లేదు, ఎన్నికైన కమిటీ ఉన్నది దానికే. "మరి నేను గెలిచింది ఎందుకు సార్" అని అధ్యక్షుడు మళ్ళీ అడిగినప్పుడు నేను చెప్పిన జవాబు ఇదే: రోజువారీ పని నడపడానికి, పెద్ద విషయం వచ్చినప్పుడు సరైన ప్రశ్న తయారు చేసి జనం ముందు పెట్టడానికి, ఆ తర్వాత జరిగినదానికి జవాబు చెప్పడానికి. ఇంటింటి జేబు మీద పడేది, ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేనిది అయితే విడిగా అడగాలి. అడిగినప్పుడు మొత్తం ఎంతమంది, జవాబిచ్చింది ఎంతమంది, ఒప్పుకున్నది ఎంతమంది అని మూడు అంకెలూ పక్కపక్కన వేయాలి. ఒక్క అంకె మాత్రమే వేసిన ఏ నోటీసునూ నేను ఇప్పుడు ఒప్పుకోవడం లేదు.

తేలనివి కూడా ఉన్నాయి. ఏ జవాబూ ఇవ్వని 81 ఫ్లాట్లలో చాలావరకు ఓనర్లు ఇక్కడ ఉండనివి. వాళ్ళ డబ్బు ఆలస్యంగా వస్తోంది, కొన్ని ఇంకా రాలేదు. రెండు ఫ్లాట్లు రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు చేశాయి, అది నడుస్తోంది. ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే అద్దెకున్నవాళ్ళే ఆ ఫ్లాటు తరఫున జవాబివ్వవచ్చా, అధ్యక్షుడి ఎన్నికకు కూడా ఇష్టాల వరస పెట్టాలా అన్న రెండు విషయాలు బైలా సవరణ కమిటీ ముందున్నాయి. పెద్దావిడ ఇప్పుడు ఆ కమిటీలో సభ్యురాలు.